ఆర్ లేని ఉత్తరాలు

ఔలు రేవులో సముద్రం తొందరగా గడ్డకట్టిన ఏడాది
నాన్న అకార్డియన్‌లో ఒక మెట్టు మూగబోయింది.
ఎవర్నడగాలో తెలీక
అప్పుడే వాయిదాల మీద కొన్న కంప్యూటర్ని అడిగాను.
మోడెమ్ కాసేపు గురకపెట్టి, కీచుమని, దగ్గి
(మా పిల్లి బీరువా ఎక్కేసింది)
పైసాందూ నుంచి ఒక మనిషిని తెచ్చి ఇచ్చింది.

వాల్దెమార్. ఉరుగ్వే నది ఒడ్డున సైకిళ్ల కొట్టు.
"లోపలి రేకుకు తుప్పు పట్టి ఉంటుంది.
గోటితో గీకు. భయపడకు."
గీకాను. పలికింది.
థాంక్స్ చెప్పి వెళ్లిపోవలసినదాన్ని,
ఇరవై రెండేళ్లుగా ఉండిపోయాను.

ఇద్దరిదీ కాని ఇంగ్లీషులో రాసుకునేవాళ్లం,
అద్దెకొంపలో మసిలినట్టు,
గోడకు మేకు కొట్టకుండా.
చాలదన్నట్టు రెండో నెలలోనే
అతని కీబోర్డులో ఆర్ మీట ఊడిపోయింది.
ఆ ఏడు వాళ్ల దేశంలో బ్యాంకులు మూతబడ్డాయి.
కొత్తది కొనే మాటే లేదు.
ఆర్ లేకుండానే రాసేవాడు.

బ్రెడ్‌లో ఆర్ పోతే బెడ్.
నేనా, బేకరీలో రాత్రి డ్యూటీ మనిషిని.
"ఇవాళ ఎన్ని పరుపులు కాల్చావు?" అని అడిగేవాడు.
"మూడొందల ఇరవై. నువ్వులద్దిన పరుపులు నలభై.
రెండు మాడాయి, అవి నీకు."
నాకు తెల్లవారుజాము మూడు,
అతనికి రాత్రి పది.
అతని వేసవి దోమలు
నా మంచు కిటికీ దాకా వచ్చి వాలేవి.

ఫ్రెండ్‌లో ఆర్ పోతే ఫీండ్.
ప్రతి ఉత్తరం మొదట్లోనూ నేను
"నా పిశాచమా."
అంత ముద్దుగా నన్నెవరూ పిలవలేదు,
పదకొండేళ్లు కాపురం చేసినవాడితో సహా.

"మొహం చూడని మనిషితో స్నేహమేమిటే" అంటుంది మా అక్క.
ఎదురింటి రైమో మొహం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.
ఆయనకు దేనికి ఏడుపొస్తుందో తెలీదు.
వాల్దెమార్‌కి తెలుసు నాకు తెలుసు:
పంక్చరు వేయించుకుని
డబ్బులేక నిలబడిపోయే పిల్లల్ని చూస్తే.

ప్లోవ్‌దివ్ నుంచి స్వెతానా కూడా ఉండేది మాతో.
ఒక పాత నాట్యపు పాటలో తాళం గురించి పోట్లాడుకున్నాం.
తాళం గురించి కాదు, అది వేరు.
నేనన్న మాట ఒకటి ఇంకా అక్కడే ఉంది.
నోటిమాటైతే గాలికి పోయేది,
ఇది తేదీ, గంట, నిమిషంతో సహా
కాలు మీద కాలేసుకుని కూర్చుంది.
ఆమె పేరు పక్కన పచ్చచుక్క మళ్లీ వెలగలేదు.
చనిపోయిందో, నన్ను వదిలేసుకుందో.
వదిలేసుకునే ఉండాలని
కోరుకుంటాను.

తొమ్మిదో ఏట ఒకసారి, ఒకే ఒక్కసారి,
వాల్దెమార్ గొంతు విన్నాను.
సన్నగా, స్కూలు పిల్లాడి గొంతు.
అన్నేళ్లూ అతని ఉత్తరాలు
మా వీధిలో మంచు తోసే బండి డ్రైవరు
బొంగురు గొంతుతో చదువుకున్నాను.
"హిల్కా?" అన్నాడు.
అతనికీ నేను నేనులా వినబడలేదు కాబోలు.
ఇద్దరం సిగ్గుపడి వాతావరణం మాట్లాడి పెట్టేశాం.
మర్నాడు ఉత్తరం వచ్చింది,
హమ్మయ్య,
బొంగురు గొంతుతోనే.

తర్వాత మేనల్లుడు అతనికి కొత్త కీబోర్డు కొనిపెట్టాడు.
మొదటి ఉత్తరం. అక్షరాలన్నీ ఉన్నాయి.
"ప్రియమైన మిత్రమా,"
కరెంటాఫీసు నుంచి వచ్చినట్టుంది.
పరుపు బ్రెడ్డయిపోయింది.
ఆ రాత్రి పిండి చేతులైనా కడుక్కోకుండా
వెన్న రాసే కత్తితో
నా ఆర్ మీట నేనే పెకిలించి
గుండీల డబ్బాలో పడేసి రాశాను:
"నా పిశాచమా, నీకేమైంది?"

అప్పట్నుంచి మూడు కంప్యూటర్లు మారాయి.
కొన్నరోజే కత్తి తీస్తాను.
అక్కడ అతనేం చేస్తాడో అడగలేదు,
అతని ఉత్తరాల్లో మాత్రం ఆర్ లేదు.

ఇప్పుడంతా ఫోనే.
అద్దం మీద ఊడదీయడానికేమీ ఉండదు.
అయినా ఆ అక్షరం దగ్గరికి వచ్చేసరికి,
నున్నటి మంచు కనబడ్డ ముసలమ్మ కాలులా,
వేలు తనంతట తనే
కాస్త పక్కకి జరుగుతుంది.